అయిదు ఉమ్మడి లెక్కలు

 

నా వెనక ఉన్న ఫోటో కింద మా లెక్కల మాస్టారి పూర్తి పేరు రాసి ఉంది. ఈ బడిలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లని నేను చూడలేదు. నేనూ మాస్టారు అనే అంటాను. ఆయన మంచితనం గురించి, ఫీజు కట్టలేని పిల్లలకి ఆయన చేసిన సాయం గురించి ఇందాక పెద్దలు చెప్పారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను. ఆయన తయారుచేసిన ఒక పరీక్ష పేపరు గురించి మాట్లాడతాను. వేరు వేరు పేపర్లు రాసిన పిల్లల మార్కుల్ని ఒకదానితో ఒకటి పోల్చడం ఎలా అన్నదే ముప్పై ఏళ్లపాటు నా ఉద్యోగం. అందులో దిగిన చాలా ఏళ్లకి గానీ మాస్టారు మా పదో తరగతిలో చేసిన పనేమిటో నాకు బోధపడలేదు. హాల్లో ఇంటర్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఇంతమంది కనిపిస్తున్నారు. ఈ మాట వాళ్ల కోసమే.

మేం పదో తరగతి చదివింది 1978లో. రెండు సెక్షన్లు, సెక్షనుకి నలభై మంది. ఆ ఏడు వానలకి రెండు గదుల కప్పు కూలింది. హాఫియర్లీ పరీక్షలు రెండు పూటలుగా పెట్టారు. ఎ సెక్షన్ పొద్దున, బి సెక్షన్ మధ్యాహ్నం. ఒకే పేపరు ఇస్తే అన్నాల వేళకి ప్రశ్నలన్నీ బయటికొస్తాయి. అందుకని మిగతా పంతుళ్లలాగే మాస్టారూ రెండు పేపర్లు తయారుచేశారు. పేపర్లు వేరని ముందే చెప్పేశారు కాబట్టి బి సెక్షన్‌లో ఉన్న మేమెవరమూ పొద్దుటి పేపరు గురించి ఆరా తీయలేదు. కానీ రెండిటిలోనూ అయిదు లెక్కలు ఒకటే. ఒక్కోటి నాలుగు మార్కులు, మొత్తం ఇరవై. వాటిని రెండు పేపర్లలో వేరు వేరు చోట్ల కలిపేశారు. ఆ సంగతి ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు.

దిద్దాక చూస్తే ఎ సెక్షన్ సగటు 57, మా సగటు 49. అప్పుడు స్టాఫ్ రూములో రెండు మాటలు వినిపించాయట. ఎ సెక్షన్ పిల్లలు చురుకైనవాళ్లు, అంతే అని కొందరు. బి పేపరు కష్టంగా ఇచ్చారు మాస్టారూ అని కొందరు. సగటులు రెండూ పట్టుకుని ఎంతసేపు చూసినా ఇందులో ఏది నిజమో తేలదు. పిల్లల తేడా, పేపరు తేడా ఆ 8 మార్కుల్లో కలిసిపోయి ఉన్నాయి. మాస్టారు అయిదు ఉమ్మడి లెక్కల మార్కులు మాత్రం విడిగా కూడారు. ఇరవైకి ఎ సెక్షన్ సగటు 12, మా సగటు కూడా ఇంచుమించు 12. అంటే పిల్లలు సమానమే. తేడా పేపరుది.

అయితే మా అందరికీ తలా 8 మార్కులు కలిపేస్తే సరిపోతుందా? మా సెక్షన్ ఫస్టుకి 94 వచ్చాయి. ఎనిమిది కలిపితే 102. కష్టమైన పేపరు అందరికీ ఒకేలా కష్టం కాదు. బాగా వచ్చినవాడికి అది పెద్దగా అడ్డు రాదు, మధ్యలో ఉన్నవాణ్ణి గట్టిగా దెబ్బతీస్తుంది. మాస్టారు రెండు సెక్షన్ల మార్కుల్నీ పైనుంచి కిందికి వరసగా రాసి పక్కపక్కన పెట్టారు. పైనుంచి పదోవాడికి మా దగ్గర 66, వాళ్ల దగ్గర 72. ఇరవయ్యోవాడికి మా దగ్గర 44, వాళ్ల దగ్గర 53. ముప్పయ్యోవాడికి 31, 41. ముప్పై నాలుగోవాడికి 27, 37. మొదటి స్థానంలో 94కి ఎదురుగా 95. కాబట్టి 94 వచ్చినవాడికి ఒకటి కలిసింది, 66 వచ్చినవాడికి ఆరు, 31 వచ్చినవాడికి పది. ఉమ్మడి లెక్కల్లో మా సగటు 12 బదులు 9 అయి ఉంటే ఈ వరసలు ఇలా సూటిగా పక్కపక్కన పెట్టడానికి వీల్లేదు. ముందు ఆ తేడా మినహాయించాలి. అది కొంచెం పెద్ద లెక్క.

ఎందుకింత శ్రమ అని హెడ్మాస్టరు గారు అడిగితే, ధాన్యం కొలిచే ముందు కుంచాలు కొలవాలండీ అన్నారట మాస్టారు. ఇక్కడి పిల్లలు కుంచం చూసి ఉండరు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. మా చిన్నప్పుడు ఈ ఊరి కుంచం, పక్క ఊరి కుంచం ఒకటి కాదు. ఇద్దరు రైతులు తలా పది కుంచాలు తెచ్చారంటే ఎవరి ధాన్యం ఎక్కువో చెప్పలేం, ఒకరి కుంచం రెండోవారి కుంచంలో ఒంపి చూసేదాకా. ఆ అయిదు లెక్కలూ ఒక కుంచంలోంచి ఇంకో కుంచంలోకి ఒంపిన గింజలు.

ఇదే పని పెద్ద ఎత్తున ఎలా జరిగిందో చూడటానికి ఇప్పుడు అమెరికా వెళ్దాం. కాలేజీ ప్రవేశానికి అక్కడ సాట్ అనే పరీక్ష ఉంది. మన ఊళ్ల నుంచి వెళ్లి స్థిరపడినవాళ్ల పిల్లలు ఏటా రాస్తూనే ఉన్నారు. మొదటిసారి 1926 జూన్ 23న పెట్టారు, సుమారు 8 వేల మంది రాశారు. తయారీకి ముఖ్యుడు ప్రిన్స్‌టన్ మనస్తత్వవేత్త కార్ల్ బ్రిగమ్. అంతకు మూడేళ్ల ముందు ఆయనే పరీక్ష మార్కులు చూపించి ఫలానా జాతులు తెలివిలో ఎక్కువ, ఫలానావి తక్కువ అని పుస్తకం రాశాడు. 1930లో అదంతా పునాది లేని వాదనని తానే ఒప్పుకున్నాడు. కొలతని మనిషి విలువగా చదివితే ఎంత దూరం పోతామో ఆ పరీక్ష పుట్టుకలోనే ఉంది.

మొదట్లో సాట్ స్కోరు పద్ధతి తేలికైనది. రాసినవాళ్ల సగటు ఎంతైనా దాన్ని 500 అనేవారు. మార్కుల విస్తృతి ఎంతున్నా దాన్ని 100గా సర్దేవారు. ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి అంతే. ఏప్రిల్లో రాసినవాళ్ల సగటు 500, జూన్‌లో రాసినవాళ్ల సగటూ 500. మరి ఏప్రిల్ పిల్లలు, జూన్ పిల్లలు ఒకే స్థాయి వాళ్లని హామీ ఏది? గట్టి గుంపులో పడినవాడు నష్టపోతాడు, బలహీనమైన గుంపులో పడినవాడు లాభపడతాడు. దీనికి 1941లో ముడి వేశారు. ఆ ఏప్రిల్లో రాసిన పదివేల పైచిలుకు పిల్లల వెర్బల్ సగటుని 500 అని ఖాయం చేసి, తరవాత వచ్చిన ప్రతి పేపరునీ ఉమ్మడి ప్రశ్నల ద్వారా వెనకటి పేపరుకి, అలా ఒక్కో లంకె కలుపుకుంటూ 1941కి కట్టారు. పేపరులో ఒక ప్రశ్నల విభాగం మార్కుల లెక్కలోకే వచ్చేది కాదు. రాసేవాళ్లకి అది ఏదో తెలిసేది కాదు. కొత్త కుంచాన్ని పాత కుంచంలో ఒంపి చూడటానికే అది. ఈ ప్రశ్నల్ని యాంకర్ ప్రశ్నలంటారు, మన మాటలో లంగరు. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు రాత్రి నేను మాస్టారికి ఉత్తరం రాశాను.

ఆ గొలుసు యాభై ఏళ్లకి పైగా లాక్కొచ్చింది. ఈలోగా రాసేవాళ్లు మారిపోయారు. 1941లో ఎక్కువమంది ఈశాన్య రాష్ట్రాల పిల్లలు, వాళ్లలో ప్రైవేటు బడులవాళ్లు చాలామంది. యుద్ధం తరవాత అన్ని వర్గాల పిల్లలూ కాలేజీ గుమ్మం దాకా వచ్చారు. వెర్బల్ సగటు 1963లో 478, 1980లో 424. పిల్లలు చెడిపోయారని దేశమంతా గగ్గోలు. 1977లో ఒక సంఘం పరిశీలించి, తొలి ఏళ్ల తగ్గుదలకి ఎక్కువ భాగం కారణం రాసేవాళ్ల కూర్పు మారడమేనని చెప్పింది. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఏటా సగటుని 500కి సర్దుతూ పోయి ఉంటే ఆ తగ్గుదల కనిపించేదే కాదు. లంగరు ఉంది కాబట్టే దేశం తన బడుల గురించి వాదించుకోగలిగింది. చివరికి 1995లో స్కేలుని కొత్త తరం మీదికి, 1990 నాటి విద్యార్థుల మీదికి మార్చారు. అంతవరకూ 420ల్లో ఉన్న వెర్బల్ మార్కు 500 దగ్గరికి వచ్చింది. పిల్లలకి రాత్రికి రాత్రి తెలివి పెరగలేదని తెలిసినవాళ్లకి తెలుసు. పాత స్కోరుని కొత్త స్కోరులోకి మార్చుకోవడానికి పట్టికలు అచ్చువేసి కాలేజీలకి పంచారు.

లంగరు వేసినా పిల్లలకి అది అర్థమయ్యేలా చెప్పకపోతే ఏమవుతుందో 2018 జూన్‌లో కనిపించింది. ఆ నెల లెక్కల పేపరు మామూలుకన్నా తేలిక. ఇదివరకటి కన్నా తక్కువ తప్పులు చేసినవాళ్లకి ఇదివరకటి కన్నా తక్కువ స్కోరు వచ్చింది. మళ్లీ దిద్దమని పిల్లలు పెద్ద ఎత్తున అడిగారు. లెక్క ప్రకారం స్కోరు సరైనదే. పేపరు తేలికైతే ఒక్కో తప్పు ఖరీదు పెరుగుతుంది, ఎందుకంటే తేలిక ప్రశ్న అందరూ చేస్తారు. కానీ పదిహేడేళ్ల పిల్లకి తెలిసేది తను చేసిన ఒప్పుల సంఖ్య ఒక్కటే. ఆ సంఖ్యకీ స్కోరుకీ మధ్య ఏం జరిగిందో ఆ పిల్లకి తన భాషలో ఎవరైనా చెప్పాలి. ఇప్పుడు సాట్ పూర్తిగా కంప్యూటరు మీదికి వచ్చింది. విదేశాల్లో 2023 నుంచి, అమెరికాలో 2024 నుంచి. ప్రతి విభాగమూ రెండు భాగాలు. మొదటిది ఎలా చేశావన్నదాన్ని బట్టి రెండోది కష్టంగానో తేలికగానో వస్తుంది. ఒకే సంఖ్యలో ఒప్పులు చేసిన ఇద్దరికి వేరు వేరు స్కోర్లు రావచ్చు. ఎన్ని చేశావన్న దానితో పాటు ఎలాంటివి చేశావన్నదీ చూస్తారు. డెన్మార్క్ గణితవేత్త గేయర్గ్ రాష్ 1960లో రాసిన పుస్తకం దగ్గర్నుంచి పెరిగిన శాస్త్రం అది. ఇవాళ దాని లోపలికి వెళ్లను.

మాస్టారి కథలో రెండో ఘట్టం చెప్పాలి. హాఫియర్లీ అయ్యాక రెండు పేపర్లలో కొన్ని లెక్కలు ఒకటేనన్న సంగతి ఎలాగో పొక్కింది. ప్రీఫైనల్‌కి కూడా గదులు బాగుపడలేదు, మళ్లీ రెండు పూటలు. ఈసారి పొద్దున రాసి బయటికొచ్చినవాళ్లు అన్నాలు కూడా మానేసి, గుర్తున్న లెక్కలన్నీ మాకు చెప్పారు. ఏవి ఉమ్మడివో వాళ్లకి తెలియదు కాబట్టి అన్నీ చెప్పారు. దిద్దాక చూస్తే ఉమ్మడి లెక్కల్లో ఎ సెక్షన్ సగటు 11, మాది 19. మిగతా లెక్కల్లో మాత్రం మేం ఎప్పటిలాగే ఉన్నాం. మాస్టారు ఎవర్నీ తిట్టలేదు. ఆ అయిదూ కొట్టేశారు. లంగరు కదిలిపోయిందిరా, ఇక దీన్ని పట్టుకుని లాభం లేదు అన్నారు. నేనూ విన్నవాళ్లలో ఒకణ్ణే. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇది చిన్న బడి సంగతి అనుకోకండి. 2013 మేలో దక్షిణ కొరియాలో ప్రశ్నలు ముందే బయటికి పొక్కాయని ఆ నెల సాట్ పరీక్ష రద్దు చేశారు. లంగరు పద్ధతి ప్రాణం రహస్యంలో ఉంది. రెండోసారి అడగబోయే ప్రశ్న మొదటిసారి రాసినవాడి నోట బయటికి రాకూడదు. మన దగ్గర సాయంత్రానికల్లా కోచింగ్ సెంటర్లు పిల్లల జ్ఞాపకాల నుంచి పేపరంతా తిరిగి రాసేస్తాయి. అదీగాక పరీక్ష సంస్థలే పేపరు, కీ, పిల్లవాడు గుర్తించిన జవాబులు బయటపెట్టి అభ్యంతరాలు చెప్పమంటాయి. ఆ పారదర్శకత ఎంతో పోరాడి సాధించుకున్నది. దాన్ని వదులుకొమ్మని నేను అనను. కానీ దానికి మనం కడుతున్న వెల ఒకటుంది. ప్రశ్నలు బయటపెట్టే చోట లంగరు వేయడం కుదరదు.

మరి మాస్టారు పబ్లిక్ పరీక్షల ముందు ఆఖరి పరీక్ష ఎలా పెట్టారు? గదులు బాగయ్యాయి. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి, బెంచీకి అటుపక్కవాడికి ఒక పేపరు, ఇటుపక్కవాడికి ఇంకో పేపరు ఇచ్చారు. ఎవరు ఎటు కూర్చోవాలో చీటీలు తీశారు. చీటీల్లో వచ్చిన నలభై మంది, ఇంకో నలభై మంది సుమారుగా ఒక్కటే అనుకోవచ్చు. ఇక ఉమ్మడి లెక్కలతో పని లేదు. రెండు వరసలూ పక్కపక్కన పెడితే చాలు. అమెరికాలోని రెండో పెద్ద పరీక్ష ఏసీటీ వాళ్లు కూడా కొత్త పేపర్లని స్కేలు మీదికి తెచ్చేందుకు ఇలాగే కలగలిపి పంచుతారు.

ఇంజనీరింగ్ కాలేజీల ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ నడిచేది ఈ చీటీల పద్ధతి మీద. ఇంతకుముందు 2013 నుంచి 2016 దాకా అందులో ఇంటర్ బోర్డు మార్కుల్నీ సర్ది కలిపేవారు, 2017లో తీసేశారు. 2019 జనవరి నుంచి జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ రోజుకి రెండు షిఫ్టుల్లో పెడుతోంది. పది లక్షల పైచిలుకు పిల్లలకి ఒకేసారి కంప్యూటర్లు దొరకవు, కాబట్టి షిఫ్టులు తప్పవు. ప్రతి షిఫ్టుకీ వేరే పేపరు. మీ షిఫ్టులో మీకు వచ్చిన మార్కులతో సమానంగానో తక్కువగానో వచ్చినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టి, దాన్ని ఆ షిఫ్టులో రాసిన మొత్తం మందితో భాగించి, వందతో గుణిస్తే మీ పర్సంటైల్. అమ్మానాన్నలు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. 98 పర్సంటైల్ అంటే 98 శాతం మార్కులు కాదు. వందమంది నిలబడితే మీ పిల్ల ముందు ఇద్దరున్నారని. ప్రతి షిఫ్టులోనూ మొదటివాడికి 100 వస్తుంది, వాడి మార్కులు 300 అయినా 280 అయినా. 2024లో రెండు సెషన్లూ కలిపి 56 మందికి 100 వచ్చింది, అందులో 15 మంది తెలంగాణ పిల్లలు.

గత ఏడు మా పక్కింటి అమ్మాయి స్కోరు కార్డు పట్టుకొచ్చింది. "తాతగారూ, కీ చూసి లెక్కేసుకుంటే నాకు 152, మా ఫ్రెండ్‌కి 141. దాని పర్సంటైల్ నాకన్నా ఎక్కువ. నాకు ఈజీ షిఫ్టు పడిందట. అది నా తప్పా?" అని ఏడ్చింది. తప్పు కాదమ్మా, నష్టమూ కాకపోవచ్చు అని చెప్పాను. తేలిక పేపరులో 152 తెచ్చుకున్నవాళ్లు ఎక్కువమంది ఉంటారు, కష్టమైన పేపరులో 141 తెచ్చుకున్నవాళ్లు తక్కువ. మాస్టారు 44ని 53గా ఎలా రాశారో అదే ఇది. షిఫ్టులు చీటీలు తీసినట్టు నిజంగా యాదృచ్ఛికంగా పంచితే, ఒక్కో షిఫ్టులో లక్షమంది ఉన్నప్పుడు, ఈ లెక్క మొత్తంమీద న్యాయమైనదే. ఆ మాట నేను నమ్మి చెబుతున్నాను.

అయితే ఆ అమ్మాయికి నేను అప్పుడు చెప్పనిది ఒకటుంది, ఇక్కడ చెబుతాను. స్కోరు కార్డు మీద పర్సంటైల్ ఏడు దశాంశ స్థానాల దాకా ఉంటుంది. అంత సూక్ష్మంగా కొలిచారనిపిస్తుంది. ఇప్పటి పేపరులో 75 ప్రశ్నలు, ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. కనిష్ఠం మైనస్ 75, గరిష్ఠం 300. ఆ మధ్యలో అంకెలు మొత్తం 376, వాటిలోనూ కొన్ని రానే రావు. అంటే లక్షమంది రాసిన షిఫ్టులో వేరు వేరు మొత్తం స్కోర్లు 376కి మించి ఉండవు. ఒక్కో మార్కు దగ్గర సగటున వందలమంది గుంపుగా నిలబడి ఉంటారు. ఏడు దశాంశాలు ఆ గుంపు ఎక్కడుందో చెబుతాయి గానీ, గుంపులోని పిల్లల మధ్య తేడా చెప్పవు.

పై అంచుకి వెళ్తే ఇంకో సంగతి. పది షిఫ్టులు, షిఫ్టుకి లక్షమంది అనుకోండి. దేశంలో అత్యంత గట్టి వందమంది చీటీల్లో పంచినట్టు ఆ పది షిఫ్టుల్లో పడ్డారు. సగటున షిఫ్టుకి పదిమంది. కానీ చీటీలు అంత సమంగా పంచవు. ఒక షిఫ్టులో ఏడుగురు, ఇంకోదాంట్లో పదముగ్గురు పడటం చాలా మామూలు విషయం. ఆ వందమందిలో ఆఖరి పిల్ల ఏడుగురున్న షిఫ్టులో పడితే తన షిఫ్టులో ఏడోది, 99.994 వస్తుంది. పదముగ్గురున్న షిఫ్టులో పడితే పదమూడోది, 99.988. మొత్తం జాబితాలో ఒకచోట డెబ్బయ్యో ర్యాంకు దగ్గర, ఇంకోచోట నూట ముప్పయ్యో ర్యాంకు దగ్గర. పేపరులో తప్పు లేదు, పిల్ల తప్పు లేదు, సూత్రంలోనూ తప్పు లేదు. చీటీ అలా వచ్చింది. వెయ్యో ర్యాంకు, రెండువేలో ర్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఈ ఊగిసలాట నిష్పత్తిలో తగ్గుతుంది గానీ పోదు. ఒక ర్యాంకు తేడాతో బ్రాంచి మారిపోయే చోట, ఆ ఒక్క ర్యాంకులో ఎంత పిల్లదో ఎంత చీటీదో మనం విడదీసి చూపించలేం.

మన రాష్ట్రాల ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో సూత్రం వేరు. అక్కడ పర్సంటైల్ కాదు, మార్కుల్నే సాగదీస్తారు. ప్రతి షిఫ్టుకీ రెండు మేకులు కొడతారు. ఒకటి ఆ షిఫ్టు సగటుకి మార్కుల విస్తృతి కలిపిన చోట, రెండోది ఆ షిఫ్టులో పైనున్న వెయ్యికి ఒక్కరి సగటు దగ్గర. అన్ని షిఫ్టులూ కలిపి ఇలాంటివే ఇంకో రెండు మేకులు. షిఫ్టు మేకుల మధ్య రబ్బరు బ్యాండులా ఉన్న మార్కుల్ని సాగదీసో కుదించో ఉమ్మడి మేకులకి తగిలిస్తారు. గేట్ పరీక్షలోనూ ఇదే ఆలోచన. లెక్క తేలిక, ఎవరైనా కాగితం మీద చేసుకోవచ్చు, అది దీని గొప్ప గుణం. కానీ షిఫ్టులో ముప్పైవేల మంది రాస్తే పై మేకు నిలబడేది ముప్పైమంది మీద. వాళ్లలో ఎవరెవరు ఏ షిఫ్టులో పడ్డారన్నది మిగతా వేలమంది మార్కుల్ని కొంచెం అటూ ఇటూ జరుపుతుంది. పైగా రబ్బరు బ్యాండు సరళరేఖలో సాగుతుంది. మాస్టారి పట్టికలో 94కి ఒకటి, 66కి ఆరు, 31కి పది కలిసిన వంపుని అది పట్టుకోలేదు.   

షిఫ్టుల మధ్య తేడా గురించే అందరూ మాట్లాడతారు. ఒకే షిఫ్టులో కూడా రెండు కుంచాలుంటాయని ఎవరూ తలవరు. జేఈఈ మెయిన్‌ని తెలుగులోనూ రాయొచ్చు. నేను ఆ పేపర్ల తెలుగు చదివాను. కొన్ని ప్రశ్నలు చక్కగా ఉన్నాయి. కొన్నిటిని అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు పాఠం చూడాల్సి వచ్చింది. సందేహం వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణమని నిబంధన. అంటే మన ఊరి బడిలో తెలుగు మీడియంలో చదివిన పిల్ల అదే ప్రశ్నని వేరే కుంచంతో కొలిపించుకుంటోంది. ఆ కుంచాన్ని ఈ కుంచంలో ఎవరూ ఒంపి చూడలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే. మాస్టారుంటే మొదట ఇదే అడిగేవారు.

2024లో వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. కొన్ని కేంద్రాల్లో సమయం నష్టపోయిన 1,563 మందికి ఒక సూత్రం ప్రకారం మార్కులు కలిపారు. కొందరికి 718, 719 వచ్చాయి. 720కి పరీక్ష, ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. అన్నీ ఒప్పైతే 720, ఒకటి వదిలేస్తే 716, ఒకటి తప్పైతే 715. 718 అన్న మార్కు ఆ పరీక్షలో రావడానికి దారే లేదు. పిల్లలు అది చూసి నివ్వెరపోయారు, అడిగారు. చివరికి ఆ కలిపిన మార్కులు రద్దయ్యాయి, జూన్ 23న వాళ్లకి మళ్లీ పరీక్ష పెట్టారు. సూత్రం వేసినవాళ్లు దుర్బుద్ధితో వేశారని నేను అనను. కలుపుతున్నామని, ఎలా కలుపుతున్నామని ముందే చెప్పలేదు. అక్కడ చెడింది. మరుసటి ఏడు డాక్టర్ల పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీని రెండు షిఫ్టుల్లో పెట్టొద్దని సుప్రీంకోర్టు 2025 మే 30న ఆదేశించింది. ఆగస్టు 3న ఒకే షిఫ్టులో పెట్టారు. కుదిరిన చోట అందరికీ ఒకే కుంచం అన్నది మంచి మార్గమే. కుదరని చోట ఏం చేయాలన్నదే నా ప్రశ్న.

నేను అడిగేవి పెద్దవేం కాదు. సాట్ స్కోరు కాగితం మీద స్కోరు పక్కనే ఒక హద్దు అచ్చువేస్తారు. ఒక విభాగంలో 600 వస్తే, ఇంకోసారి రాస్తే ఇంచుమించు 570కీ 630కీ మధ్య ఉండవచ్చని. కొలత ఒక చుక్క కాదని, దానికి వెడల్పు ఉందని పిల్లకి, కాలేజీకి ఇద్దరికీ చెప్పినట్టు. మన స్కోరు కార్డు మీద ఆ వెడల్పు అచ్చువేయమంటాను. పిల్లవాడికి తన షిఫ్టులో వచ్చిన అసలు మార్కులు, ఆ షిఫ్టులో రాసినవాళ్ల సంఖ్య, సగటు, తన మార్కు దగ్గర నిలబడ్డవాళ్ల సంఖ్య, అన్నీ అదే కాగితం మీద, తను చదివిన భాషలో ఉండాలి. తెలుగులో రాసినవాళ్లు, ఇంగ్లీషులో రాసినవాళ్లు ఒక్కో ప్రశ్నని ఎలా చేశారో పోల్చి చూడాలి. ఒక ప్రశ్నలో మాత్రమే పెద్ద తేడా కనబడితే ఆ ప్రశ్న అనువాదం తీసి చూడాలి. ఈ పోలికకి రహస్యం అక్కర్లేదు, కొత్త పరీక్ష అక్కర్లేదు. సమాచారం అంతా కంప్యూటర్లలో ఉంది.

ముందు వరసలో కూర్చున్న అమ్మగారు, మాస్టారి భార్య, నిన్న సాయంత్రం బీరువా తీసి నాకొక రిజిస్టరు ఇచ్చారు. ఇదిగో, ఈ ఎర్ర అట్టది. 1978 హాఫియర్లీ, పదో తరగతి బి. ప్రతి పేరుకీ ఎదురుగా మూడు గడులున్నాయి. మొదటి గడిలో వచ్చినవి, రెండోదాంట్లో వేసినవి. మూడో గడిలో పిల్లవాడి సంతకం. ఆ సంతకాలు ఎందుకో నాకు గుర్తుంది. మాస్టారు మమ్మల్ని ఒక్కొక్కర్నీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, రెండు వరసలూ చూపించి, నీ స్థానం ఇక్కడ, అవతల ఇదే స్థానంలో ఉన్నవాడి మార్కు ఇది, ఒప్పుకుంటావా అని అడిగారు. అర్థం కాకపోతే మళ్లీ చెప్పారు. నలభై మందికీ చెప్పడానికి మూడు రోజులు పట్టింది. నా పేరు ఎదురుగా 44, 53, నా వంకర సంతకం. కింద 27, 37 ఉన్న మిత్రుడు ఇవాళ ఈ సభలో ఉన్నాడు. పేరు చెప్పను. వాడు ఆ రోజు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

రిజిస్టరు ఇక్కడ బల్లమీద పెడుతున్నాను. చూడాలనుకున్నవాళ్లు రండి. స్కోరు కార్డులు తెచ్చుకోమని పిల్లలకి ముందే చెప్పించాను. బ్లాక్‌బోర్డు, సుద్దముక్కలు తెప్పించారు. హాలు ఎనిమిది దాకా మనదే. ముందు ఎవరు వస్తారు?